గొంతు పట్టీ

పొద్దున్నే అత్తయ్య మెడ తుడవడం నా పని. గోరువెచ్చని నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి పిండి, ముందు చెవుల వెనక, తర్వాత గడ్డం కింద, చివరికి గొంతు మధ్యనున్న చిన్న రంధ్రం చుట్టూ తుడుస్తాను. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆవిడ ఊపిరి ముక్కులోంచి రాదు, ఆ రంధ్రంలోంచే వస్తుంది. తుడుస్తుంటే నా వేళ్ళకి వెచ్చగా తగులుతుంది. మొదట్లో ఆ వెచ్చదనానికి ఉలిక్కిపడేదాన్ని. ఇప్పుడది ఒక్క క్షణం తగలకపోతే ఉలిక్కిపడతాను.

పొడిగుడ్డతో అద్దాక, రంధ్రానికి పైన, దవడ కిందుగా పట్టీ కడతాను. బూడిదరంగు పట్టీ, రెండు వేళ్ళ వెడల్పు. లోపలివైపు చిన్న చిన్న లోహపు బిళ్ళలుంటాయి. మనిషి మాట్లాడబోతే గొంతు కండరాలు కదులుతాయి కదా, ఆ కదలికని బిళ్ళలు పసిగడతాయట. పట్టీ నుంచి సన్నటి తీగ, తీగ చివర సబ్బుపెట్టెంత పెట్టె. మాట వచ్చేది పెట్టెలోంచి.

ఒకరోజు పెట్టె మీది ఆకుపచ్చ దీపం ఇంకా సరిగ్గా వెలగనే లేదు. అత్తయ్య గుటక వేశారు. అంతే.

"అమ్మాయ్, పాలు పొంగుతున్నాయి చూడు!"

అచ్చంగా అత్తయ్య గొంతు. ఆ కసురు, చివర్లో ఆ సాగదీత, అన్నీ ఆవిడవే. నేను వంటింట్లోకి పరిగెత్తాను. స్టవ్ మీద ఏమీ లేదు. స్టవ్ వెలిగించనే లేదు. తిరిగి వచ్చేసరికి అత్తయ్య మంచం మీద అలాగే కూర్చుని నా వైపు చూస్తున్నారు. పెదాలు మూసే ఉన్నాయి.

మా అత్తయ్య గొంతు సంగతి మా వీధిలో తెలియనివాళ్ళు లేరు. గోడలకి చెవులుంటాయంటారు. అత్తయ్య మాటకైతే కాళ్ళుండేవి. నేను ఏ గదిలో ఉన్నా వెతుక్కుంటూ వచ్చేది. మేడ మీద బట్టలారేస్తుంటే మెట్లెక్కి వచ్చేది. స్నానాల గదిలో ఉంటే తలుపు సందులోంచి దూరి వచ్చేది. పెళ్ళయిన కొత్తలో ఏడిచేదాన్ని. తర్వాత అలవాటైపోయింది, నడుస్తున్న ఫ్యాను చప్పుడులాగా.

అప్పట్లో నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేదాన్ని. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, ఫ్రేము ముక్కు మీద నిలిచేట్టు, చెవి వెనక ఒరుసుకోకుండా వంచి సరిచెయ్యడం నా పని. అత్తయ్యకి చదువు రాదు గానీ, ఫోన్లో మైకు బొమ్మ నొక్కి మాట పంపడం మా ఆయన నేర్పారు. ఇహ చూడండి. "అమ్మాయ్, పప్పు ఎక్కడ పెట్టావు?" "అమ్మాయ్, తాళం మర్చిపోయావు." "అమ్మాయ్, ఇంకా బయల్దేరలేదా?" ఒక మనిషి ముఖాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని ఫ్రేము చూస్తుంటే కౌంటర్ మీద నా ఫోన్ కసురుకునేది. మా యజమాని నవ్వి, "మీ అత్తగారు ఫోన్లోంచే ఇల్లు ఊడిపించగలరమ్మా" అనేవాడు. వచ్చినవాళ్ళూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని జవాబు పంపేదాన్ని. "వస్తున్నానండీ అత్తయ్యా." "అయిపోయిందండీ." "సరేనండీ." అన్ని సంవత్సరాల మాటలూ ఆ ఫోన్లోనే ఉండిపోయాయి. తుడిచెయ్యడం నాకు తోచలేదు.

ఆ తర్వాత అత్తయ్య గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. కాదని తేలింది. మాట పుట్టే పెట్టెనే తీసెయ్యాలి, లేకపోతే మనిషి దక్కదు అన్నారు. తీసేశారు. మనిషి దక్కింది. నేను దుకాణం మానేశాను. మానెయ్యమని ఎవరూ గట్టిగా చెప్పలేదు. "ఆ కళ్ళజోళ్ళు ఎవరైనా తుడుస్తారు, అమ్మని ఎవరు చూస్తారు?" అన్నారు మా ఆయన, అంతే.

ఆస్పత్రివాళ్ళు గొంతుకి ఆనించుకుని మాట్లాడే ఒక పరికరం ఇచ్చారు. అది తుమ్మెదలా బుర్రుమంటుంది. అత్తయ్య ఒక్కసారి ఆనించుకుని, ఆ చప్పుడు విని, తీసి తలగడ కింద పెట్టేశారు. మళ్ళీ ముట్టుకోలేదు.

ఆ తర్వాతి రోజుల గురించి ఎవరికీ చెప్పలేదు. చెబితే తప్పుగా అనుకుంటారని. ఆ ఇంట్లో నేను హాయిగా ఉన్న రోజులవే. గొంతు లేని మనిషి గోడ అవతలికి ఆజ్ఞ పంపలేదు. ఆవిడకి ఏం కావాలన్నా నేను వెళ్ళి ఎదురుగా నిలబడాలి, ముఖం చూడాలి, పెదాలు చూడాలి. ముఖంలో ముఖం పెట్టి కసరడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది, ఆవిడకీ నాకూ. మొదటి వారంలోనే ఒకరోజు నేను మంచం పక్కన నిలబడి, "ఏం కావాలి అత్తయ్యా, నీళ్ళా? మందా? దుప్పటా?" అని అడుగుతుంటే ఆవిడ అన్నిటికీ తల అడ్డంగా ఊపి, నా మణికట్టు పట్టుకుని, పెదాలతో ఒకే మాట మళ్ళీ మళ్ళీ అన్నారు. నాకు చాలాసేపు అర్థం కాలేదు. పెదాలు కష్టమై కాదు. ఆ మాట ఆవిడ నోట నేను ఎన్నడూ వినలేదు గనక.

"కూర్చో."

కూర్చున్నాను. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పనయ్యాక వెళ్ళి కూర్చునేదాన్ని. ఆవిడ చెప్పేవారు, నేను చూసేదాన్ని. చిన్నప్పుడు మగపిల్లల కంటే గట్టిగా ఈల వేసేవారట. పెళ్ళయ్యాక మామగారు వద్దంటే మానేశారట. ఇప్పుడు ఊపిరి నోట్లోంచి రాదు కాబట్టి వేద్దామన్నా కుదరదని పెదాలు సున్నాలా చుట్టి చూపించి, చప్పుడు లేకుండా నవ్వారు. చప్పుడు లేని ఆ నవ్వుకి నా ఒళ్ళు జలదరించింది. అయినా నేనూ నవ్వాను.

నేను రోజూ దేవుడి ముందు దీపం పెట్టి కూర్చునేదాన్ని. ఆయన ఇన్నేళ్ళలో ఒక్క మాటా పలకలేదు. అయినా ఎదురుగా కూర్చుంటాం, ముఖం చూస్తాం, ఏదో అర్థమైనట్టే ఉంటుంది. అత్తయ్య దగ్గర కూర్చోవడమూ అలాగే అయింది నాకు.

మా ఆయన ఇంజనీరు, మనిషి శరీరానికి పనికొచ్చే యంత్రాలు చేస్తారు. చెయ్యి పోయినవాళ్ళకి చెయ్యి, వినపడనివాళ్ళకి వినికిడి. "మీ దేవుడు సగంలో వదిలేసినవి మేం పూర్తి చేస్తాం" అని నన్ను ఆటపట్టిస్తారు. "తప్పండీ, అలా అనకండి" అంటాను గానీ లోపల గర్వమే. ఆయన చేసిన చేత్తో ఒకాయన తన మనవరాలికి జడ వెయ్యడం నేను కళ్ళారా చూశాను. అలాంటి మనిషి, తల్లి నోరు చప్పుడు లేకుండా కదులుతుంటే చూడలేకపోయారు. గదిలోకి వచ్చి, ఆవిడ ఏదో చెప్పబోతే, కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయేవారు. ఒకరోజు ఉన్నట్టుండి, "నీ ఫోన్ ఇటివ్వు" అన్నారు.

"ఎందుకండీ?"

"నీ ఫోన్లో అమ్మ ఉంది."

అలా వచ్చింది పట్టీ. ఆ మాటలన్నీ, తన ఫోన్లో ఉన్న కాసినీ కలిపి యంత్రానికి నేర్పారు. కండరాల కదలిక స్పష్టంగా అందితే ఆ మాటే పలుకుతుంది. అందకపోతే, ఆ కదలికకి దగ్గరగా ఉన్న పాత మాటని అందుకుంటుంది. మొదటిసారి కట్టిన రోజు అందరం చుట్టూ నిలబడ్డాం. అత్తయ్య పెదాలు కదిలాయి. పెట్టె, "నాన్నా, తిన్నావా?" అంది. మా ఆయన ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడిచారు. నేనూ ఏడిచాను. ఫోన్లో విన్న ఆడపడుచు కూడా ముక్కు చీది, "అమ్మ గొంతు వింటే పోయిన ప్రాణం లేచొచ్చింది వదినా! పాపం, నువ్వేమో ఇహ మనశ్శాంతిగా ఉండొచ్చనుకున్నావు. మా అన్నయ్య దాన్ని కూడా రిపేరు చేసేశాడు" అని నవ్వింది.

నిజంగానే రిపేరు చేసేశారు. మాటకి మళ్ళీ కాళ్ళొచ్చాయి. నేను వంటింట్లో ఉంటే చాలు, పిలుపు వచ్చేస్తుంది. పిలుపు వినపడుతుంటే ఎదురుగా వెళ్ళి కూర్చునే పనేముంది? "సరేనండీ" అంటూ పనిలో పడిపోయాను. మధ్యాహ్నం కూర్చోవడం ఎప్పుడు మానేశానో కూడా గమనించలేదు.

అయితే ఆ మాటల్లో ఏదో తేడా. "అమ్మాయ్, గొడుగు తీసుకెళ్ళు" అనేది, బయట ఎండ మండిపోతుంటే. "అమ్మాయ్, మాడు వాసన వస్తోంది" అనేది, నేను గిన్నెలు తోముకుంటుంటే. ఒకసారి, "అమ్మాయ్, మీ మామగారికి మంచినీళ్ళు పెట్టావా?" అంది. నేను గ్లాసు నింపి, మూత పెట్టి, ముందు గదిలో ఆయన కుర్చీ పక్కన పెట్టేదాకా నాకు గుర్తు రాలేదు, మామగారు పోయి ఏళ్ళయిందని. కుర్చీ ఖాళీగా ఉంది. గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి. నా చెయ్యి తగిలి అయ్యుంటుందని నాకు నేనే చెప్పుకుని, అత్తయ్య గదిలోకి వెళ్ళాను.

ఆవిడ నిద్రపోతున్నారు. నిద్రలో గొంతు కండరాలు అదురుతున్నాయి. అదిరినప్పుడల్లా పెట్టె నన్ను పిలుస్తోంది. ఆవిడ నిద్రపోతున్నా, ఆవిడ గొంతు మాత్రం మేలుకుని ఇంటిపని చేయిస్తోంది.

నేను పెట్టె మీది దీపం ఆర్పి పట్టీ విప్పబోయాను. అత్తయ్య కళ్ళు తెరిచారు. చాలా రోజుల తర్వాత ఆవిడ పెదాల వైపు చూశాను. ఆవిడ మెల్లగా, నాకు అందేట్టుగా అన్నారు.

"అది నేను కాదు."

మా ఆయనతో చెప్పాను. "చెమటకి బిళ్ళలు జారుతున్నాయి, అందుకే తికమక. దానికి దారి ఆలోచిస్తున్నాను" అన్నారు. అదీ నిజమే. పట్టీ కింద అత్తయ్య చర్మం ఎర్రగా పొక్కింది.

తర్వాత ఒక మధ్యాహ్నం బజారు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే లోపల్నుంచి మాటలు వినపడ్డాయి.

"అమ్మాయ్, ఇంకా బయల్దేరలేదా?"

"వస్తున్నానండీ అత్తయ్యా."

"తాళం వేశావా?"

"వేశానండీ."

"దుప్పట్లు మడతపెట్టావా?"

"అయిపోయిందండీ."

చెప్పు చేతిలోనే ఉండిపోయింది. జవాబు చెబుతున్న గొంతు నాది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, నోరు మూసుకుని. లోపల నేను పని చేసేస్తున్నాను. వినయంగా, విసుగు లేకుండా, ఒక్కసారి కూడా ఊపిరి తీసుకోకుండా. ఒక్క క్షణం నాకు అనిపించింది, నేను ఎప్పుడో పోయాను, ఇంటికి ఆ సంగతి ఇంకా తెలియలేదు అని.

లోపలికి వెళ్ళి చూస్తే బల్ల మీద రెండు పెట్టెలు ఎదురెదురుగా ఉన్నాయి. అత్తయ్య పక్కన కుర్చీలో కూర్చుని, రెండింటినీ మార్చి మార్చి చూస్తున్నారు. మెడకి పట్టీ కూడా లేదు. మా ఆయన నన్ను చూసి సంబరంగా, "పరీక్ష చేస్తున్నా. ఒకటి పిలిస్తే రెండోది పలుకుతుంది. ఎవరు పిలిచినా పలుకుతుందనుకో. నీ గొంతు ఎంత బాగా వచ్చిందో విను!" అన్నారు.

"నా గొంతు ఎందుకు తీసుకున్నారు?"

"తీసుకోవడమేంటి? ఫోన్లో ఉన్నదేగా. అయినా నీ గొంతు ఎక్కడికి పోయిందిప్పుడు? నీ దగ్గరే ఉంది."

ఉందా అని గొంతు తడుముకున్నాను.

ఆ వారమే ఆయన ఆలోచించిన దారి బయటపెట్టారు. బిళ్ళల్ని పట్టీలో కాకుండా చర్మం కిందే, మెడ లోపల అమర్చేస్తే జారవు, పొక్కవు. చిన్న కోత. ఒకసారి పెడితే రోజూ కట్టి విప్పే పని ఉండదు. "నీకూ సుఖం" అన్నారు నాతో. తర్వాత ఆయనే వెళ్ళి అత్తయ్య మంచం అంచున కూర్చుని, "అమ్మా, పెట్టించుకుంటావా?" అని అడిగి, పెట్టె వైపు తిరిగారు.

"సరే నాన్నా, నీ ఇష్టం" అంది పెట్టె.

నేను పెట్టె వైపు చూడలేదు. ఆవిడ పెదాలు, రెండుసార్లు, వద్దు, వద్దు అన్నాయి.

భోజనాల దగ్గర ఆ మాట కదిపాను. "అత్తయ్యకి ఇష్టం లేదండీ."

"నువ్వూ విన్నావుగా, సరే అంది."

"సరే అన్నది పెట్టె. మీరు అత్తయ్య నోరు చూశారా?"

"నోరు చూసి చదవడానికి అదేమన్నా పేపరా? అలా చూసి ఊహించుకోకూడదనే కదా యంత్రం చేసింది!"

"ఒక్క సంగతి అడుగుతాను, కోప్పడకండి. అత్తయ్య ఎప్పుడైనా మీతో ఏదైనా వద్దు అన్నారా?"

ఆయన ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించారు. తర్వాత ముఖం వెలిగింది. "ఎప్పుడూ లేదు. మా అమ్మ నన్ను ఏదీ కాదనలేదు."

"మరి పెట్టెకి ఆ మాట ఎక్కణ్ణుంచి వస్తుందండీ?"

ఆయన కంచంలో వేలితో గీతలు గీశారు. చివరికి నెమ్మదిగా అన్నారు. "నీకు మా అమ్మ గొంతు తిరిగి రావడమే ఇష్టం లేదేమో."

గుండెలో ముల్లు దిగినట్టయింది. అది పూర్తిగా అబద్ధం కాదు గనక. ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుని అడిగాను: స్వామీ, నాకోసం వద్దంటున్నానా, ఆవిడ కోసం వద్దంటున్నానా? ఆయన ఎప్పటిలాగే పలకలేదు. పలకనందుకు మొదటిసారి మనసు కుదుటపడింది. నా కోరికలన్నిటికీ నాకు నచ్చిన గొంతుతో తథాస్తు అనే పెట్టె ఒకటి ఆ పీట మీద ఉంటే, ఇన్నేళ్ళలో నేను ఎంత చెడిపోయి ఉండేదాన్నో! యంత్రం చెడ్డదని నేననను. జడ వేసిన ఆ చెయ్యి నా కళ్ళలో ఉంది. కానీ ఆ చెయ్యి ఆ తాత అనుకున్నట్టు కదిలింది. ఈ గొంతు ఎవరు అనుకున్నట్టు పలుకుతోంది?

మనిషి శరీరంలో ఏదైనా కొత్తది అమర్చాలంటే ఆస్పత్రిలో ఒక కమిటీ ఒప్పుకోవాలట. ఆ కమిటీ డాక్టరమ్మ అత్తయ్యని చూసి, ఇష్టాన్ని స్వయంగా అడిగి తెలుసుకోవడానికి ఇంటికి వచ్చారు. ముందు గదిలో మా ఆయన బల్ల మీద రెండో పెట్టె పెట్టి ఆవిడకి చూపిస్తున్నారు. "చూడండి, పిలిస్తే ఎంత సహజంగా పలుకుతుందో." లోపల నేను అత్తయ్య మెడ తుడుస్తున్నాను.

"పట్టీ కట్టేశావా?" అని ముందు గదిలోంచి కేకేశారు.

"వస్తున్నానండీ" అంది బల్ల మీద నా గొంతు. డాక్టరమ్మ నవ్వడం వినపడింది.

పట్టీ నా చేతిలో ఉంది. ఇన్నాళ్ళూ కట్టాను గానీ, కట్టనా అని ఒక్కనాడూ అడగలేదు. ఎదురుగా కూర్చున్నాను.

"కట్టనా అత్తయ్యా?"

ఆవిడ నా ముఖంలోకి చూసి, తల అడ్డంగా ఊపారు. పట్టీ మడిచి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

వాళ్ళు లోపలికి వచ్చారు. మా ఆయన తల్లి మెడ చూసి, తర్వాత నన్ను చూశారు. "పట్టీ ఏది?"

నేను డాక్టరమ్మ వైపు తిరిగి చెప్పాను. "డాక్టరుగారూ, ఈ ఒక్క ప్రశ్నకి పట్టీ వద్దు. అత్తయ్య ఎదురుగా కూర్చుని, ముఖం చూస్తూ అడగండి. ఆవిడకి అన్నీ తెలుసు. మాటే లేదు."

"ఇదేంటి కొత్తగా?" అన్నారు మా ఆయన పళ్ళు బిగించి. "నువ్వు కాస్త ఊరుకుంటావా?"

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మోకాళ్ళు మంచానికి తగిలేంత దగ్గరగా. "అమ్మా, మీ మెడకి చిన్న కోత పెట్టి, లోపల బిళ్ళలు అమరుస్తారు. మీకు ఇష్టమేనా?"

అత్తయ్య ఆవిడ వైపు చూడలేదు. కొడుకు వైపు చూశారు. చాలాసేపు చూశారు. పెదాలు కదిలాయి. రంధ్రంలోంచి ఊపిరి వేగంగా వచ్చి పోతోంది. గదిలో ఆ చప్పుడొక్కటే ఉంది.

డాక్టరమ్మకి అర్థమైంది. ఆవిడ ముఖంలో తెలిసింది. మా ఆయనకే అర్థం కాలేదు. "ఏమంది?" అని నన్ను అడిగారు.

"నన్నెందుకు అడుగుతారు? మీ అమ్మగారు మీతోనే చెబుతున్నారు."

ఆయన నెమ్మదిగా మంచం దగ్గరికి వచ్చి, నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆపరేషన్ తర్వాత ఆయన తల్లి నోటి వైపు తిన్నగా చూడడం అదే మొదలు. అత్తయ్య ఆయన చెంప మీద చెయ్యి వేసి, చిన్నపిల్లాడికి మాట నేర్పుతున్నట్టు, మళ్ళీ అన్నారు.

వద్దు నాన్నా.

ఆయన పెదాలు కూడా ఆ మాట ఆకారంలోనే కదిలాయి, చప్పుడు లేకుండా. తర్వాత లేచి, ఎవరి వైపూ చూడకుండా ముందు గదిలోకి వెళ్ళిపోయారు. డాక్టరమ్మ లేచి, అత్తయ్య చేతిని ఒకసారి నొక్కి, ఆయన వెనకే వెళ్ళారు. కుర్చీ లాగిన చప్పుడు. కాసేపటికి ఆయన పిలిచారు. గొంతు తడిగా ఉంది, పిలుపు మాత్రం పాతదే.

"ఇదిగో, కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టు."

నా కాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. అత్తయ్య నా మణికట్టు పట్టుకున్నారు. పెదాలు కదిలాయి. ఈసారి వెంటనే అర్థమైంది.

"వస్తున్నానండీ" అంది ముందు గదిలో నా గొంతు.

నేను అత్తయ్య దగ్గర కూర్చున్నాను.